అతిథి రాజహంస అమ్మకం

రాజహంస ఎత్తెక్కుతూ ఒక్క దగ్గు దగ్గింది. కడుపులో ఇనుప గిన్నెలు దొర్లినట్టు చప్పుడు చేసి, రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది.

"ఏం లేదు, వేడెక్కింది," అన్నాడు ధనుంజయరావు.

పక్క సీట్లో హైమావతి ఫ్లాస్కు మూత తిప్పింది. తెనాల్లో బయల్దేరిన దగ్గర్నుంచీ ఈ మాట దేశానికొకసారి వింటూనే ఉంది. ఫ్లాస్కులో మిగిలిన కాఫీ మొత్తం తన గ్లాసులోకే వంపుకుంది. మామూలుగా అయితే సగం ఆయనకిస్తుంది.

రాజహంస అంటే వ్యాను. ధనుంజయరావు వ్యాపారమైన గుమ్మళ్ళవారి షామియానా సప్లయిర్స్ సొంత బండి. కుర్చీలూ గుండిగలూ మోసి మోసి, తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ చూసి రిటైరైన బండి. దాన్లో మంచమూ పొయ్యీ బిగించి, భార్యను ఎక్కించుకుని, యూరప్ దాకా రోడ్డు మీదే వెళ్ళొస్తానని ధనుంజయరావు ఊరందరికీ చెప్పాడు. దండలు వేయించుకున్నాడు. మైకు అందుకుని, "వెళ్ళిన బండిలోనే తిరిగొస్తా" అని ప్రకటించాడు. మైకు అద్దె కూడా ఆయనదే.

ఇప్పుడు వర్జానియా అనే కొండల దేశంలో, ఒక మెకానిక్ బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చి అరచెయ్యి తెరిచి చూపించాడు. అందులో ఒక ఇనుప చక్రముంది. దానికి ఒక్క పన్ను లేదు.

గేర్‌బాక్సు పోయింది. ఆ మోడలుకి సరిపడేది ఆ దేశంలో దొరకదు. తెప్పించాలంటే నెలలు పడుతుంది. హైమావతికి నెలలు లేవు. గుంటూరులో వాళ్ళక్కకి వచ్చేవారం గుండె ఆపరేషను. "నువ్వు పక్కనుంటేనే థియేటర్లోకి వెళ్తా" అని ఆ మహాతల్లి పంతం పట్టి కూర్చుంది. దాంతో శుక్రవారం విమానానికి రెండు టిక్కెట్లు కొన్నారు.

"బండి అమ్మేద్దాం," అన్నాడు ధనుంజయరావు. మైకు గుర్తొచ్చింది.

కొనే మనిషి గంటలో దొరికింది. మలుపు దగ్గర రొట్టెలు కాల్చే మార్జీనా. మనిషి బలంగా, నవ్వు అంతకంటే బలంగా ఉంటుంది. ఆవిడ రాజహంస చుట్టూ తిరిగి, తలుపులు తీసి మూసి, "ఇది నడవక్కర్లేదు. నిలబడితే చాలు. కిటికీలోంచి రొట్టెలమ్ముకుంటా," అంది. బేరం వేళ్ళతో జరిగింది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

"చూశావా హైమా? ఎంత తేలిగ్గా తేల్చేశానో. ఇంక కస్టమ్స్ వాళ్ళ ముద్ర ఒక్కటే."

"ఆ ఒక్కటీ కూడా తేల్చి రండి," అంది హైమావతి. "శుక్రవారం నేనైతే వెళ్తా. మీ సీటు ఖాళీగా పోతుందో లేదో మీ ఇష్టం."

ముద్ర అంత తేలిక కాదని ఆవిడకి అనుమానం. ఎందుకంటే ఆవిడ పాస్‌పోర్టులో ఆ దేశం వాళ్ళు ఒక్క ముద్రే వేశారు. ఆయన పాస్‌పోర్టులో రెండు వేశారు. రెండోదానిలో ఇలా ఉంది: "వాహనంతో సహా ప్రవేశించెను. వాహనంతో సహా నిష్క్రమించవలెను."

ఇక్కడ వర్జానియా గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆ దేశానికి పర్యాటకులంటే తగని మోజు. వచ్చేవాళ్ళు మాత్రం తక్కువ. వచ్చినవాళ్ళలో విమానంలో వచ్చినవాడు త్వరగా పోతున్నాడనీ, సొంత బండిలో వచ్చినవాడు ఎక్కువ రోజులుంటున్నాడనీ రాజధానిలో ఎవరో కనిపెట్టారు. అంటే ఉంటున్నది బండే కదా! వెంటనే ఆ ఏడాదిని 'అతిథి వాహన సంవత్సరం'గా ప్రకటించారు. విదేశీ వాహనం ప్రభుత్వానికి అతిథి. దాన్ని నడిపే మనిషి ఆ అతిథికి సహాయకుడు.

సరిహద్దులో రాజహంసకి పూలదండ వేశారు. అద్దం మీద పన్నీరు చల్లారు. బ్యాండు వాయించారు. లోపలున్న ఇద్దరికీ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అప్పుడు ధనుంజయరావుకి అది మర్యాదగానే తోచింది. తన బండికి జరిగితే తనకి జరిగినట్టే కదా.

అక్కడి గుమాస్తా పాపం "వ్యాను, ఒకటి" అని రాసి ఊరుకోబోయాడు. ధనుంజయరావు ఊరుకోలేదు. నలభై ఏళ్ళు సామాను అద్దెకిచ్చి తిరిగి లెక్క చూసుకున్న మనిషి. గరిటె తగ్గితే పెళ్ళికూతురి తండ్రిని పందిట్లోంచి కదలనివ్వని మనిషి. "అలా కాదు నాయనా, విడివిడిగా రాయి. రేపు మాట రాకూడదు," అని గుమాస్తా పక్కన నిలబడి చెప్పి రాయించాడు. మడత కుర్చీలు. గ్యాసు పొయ్యి. ముందు బంపరుకి కట్టిన నిమ్మకాయలూ మిరపకాయల దండ. డాష్‌బోర్డు మీద తల ఊపే నెమలి. జాడీలో ఆవకాయ, నిండుగా.

గుమాస్తా కళ్ళు చెమర్చాయి. అంత వివరంగా ఎవరూ ఏనాడూ రాయించలేదట.

*

అతిథి వాహనాల డిప్యూటీ సంరక్షకుడి పేరు తుర్గోవ్. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసి నిలబెట్టినట్టుంటాడు. ఆయన ఇంగ్లీషు మన పాతకాలపు గెజిట్‌లా ఉండేది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

"తమరి విన్నపము ఆలకించితిని. ఒకసారి మరల సెలవిండు. తమరు అతిథిని ఏమి చేయదలచితిరి?"

"అమ్ముదామని సార్."

తుర్గోవ్ కలం కింద పెట్టాడు. గదిలో ఉన్న మిగతా ఇద్దరు అధికారులు కూడా పెట్టారు.

"మహాశయా, తమ దేశమున ఇంటికి వచ్చిన చుట్టమును సంతలో అమ్ముదురా?"

"చుట్టం కాదు సార్, వ్యాను. గేర్లు పడట్లేదు."

"చుట్టమునకు మోకాళ్ళు నొప్పి చేసిన, అమ్ముదురా?"

హైమావతి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ధనుంజయరావుకి తెలియలేదు. తెలుసుకునే ధైర్యం లేదు.

"పోనీ దానంగా ఇచ్చేస్తాను."

"అతిథిని దానమిచ్చుట మానవ అక్రమ రవాణా వంటిది. వాహన అక్రమ రవాణా అనవలెను. శిక్ష కఠినము."

"తుక్కు చేసేస్తే?"

అధికారుల్లో ఒకాయన లేచి నిలబడి తలవంచాడు. ఏదో చావు కబురు విన్నట్టు. తుర్గోవ్ గొంతు తగ్గించాడు. "ప్రభుత్వ అతిథి మా గడ్డపై మరణించినచో విచారణ సంఘము కూర్చుండును. సహాయకుడే ప్రథమ అనుమానితుడు. తొందరపడి నోరు జారకుడు."

"మరేం చెయ్యమంటారు సార్?"

"అతి సులభము. అతిథి తన ఇష్టప్రకారము, తన చక్రములపై, వచ్చిన రీతినే వెళ్ళిపోవలెను. తమరు కూడా వెంట వెళ్ళవలెను. ఈ ఏర్పాటులో లోపమేమి కలదో నాకు బోధపడుట లేదు."

"అది కదలదండీ!"

"అయిన ఉండమనుడు. మేము పొమ్మంటిమా?"

బయటికొచ్చాక ధనుంజయరావు మెట్ల మీద కూర్చున్నాడు. హైమావతి పక్కనే నిలబడింది.

"ఏవండీ, నలభై ఏళ్ళు మీతో కాపరం చేశా. ఒక్కసారి కూడా నన్ను ఉండమని ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు."

*

అయినా ధనుంజయరావు ఓడిపోయే రకం కాదు. ఆయనకి ఒక్కసారి ఓడిపోవడం చాలదు. పూర్తిగా తేలిపోవాలి.

మర్నాడు ఒక లారీ మాట్లాడాడు. రాజహంసని దాని మీదకెక్కించి సరిహద్దు దాటిస్తే సరి. అవతలి దేశంలో ఏ కొట్టువాడికో ఇచ్చేసి, సాయంత్రానికి వెనక్కొస్తే శుక్రవారం విమానం తనదే. మార్జీనా ఇద్దరికీ రొట్టెలు కట్టిచ్చింది. లారీ మీద రాజహంస పల్లకీలో పెళ్ళికూతురిలా వెళ్ళింది.

సరిహద్దు అధికారి చుట్టూ తిరిగాడు. "ఇది వాహనమా, సరుకా?"

"వాహనమే."

"వాహనమయిన తన చక్రములపై నుండవలెను. ఇది లారీపై నున్నది. కావున సరుకు."

"సరే, సరుకే అనుకోండి. పోనివ్వండి."

"ఈ సరుకు మా దేశమునకు వచ్చినట్లు ఎక్కడను నమోదు లేదు. రానిది ఎట్లు పోవును?"

"వచ్చింది సార్! వాహనంగా వచ్చింది!"

"అయిన వాహనము ఏది?"

లారీ డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించుకున్నాడు. ఇంత బాగా వాదించేవాళ్ళని చూడడం అతనికి కొత్తేమీ కాదు. పోయేది అతని డీజిలు కాదు కాబట్టి ఆనందించాడు.

అధికారికి మాత్రం ఉత్సాహం వచ్చింది. ధనుంజయరావు రాయించిన జాబితా తెప్పించుకుని ఒక్కొక్కటీ సరిచూశాడు. వచ్చిన రీతినే పోవాలి కదా. నిమ్మకాయలు నల్లగా ముడుచుకుపోయి గోలీల్లా అయ్యాయి. "నిమ్మపండ్లని వ్రాసితిరి. ఇవి ఏమి?" నెమలి తల ఊపడం మానేసింది. "తల ఊపు నెమలి అంటిరి." చివరికి జాడీ మూత తీశాడు. అడుగున ఒక పొర ఆవకాయ మిగిలుంది.

"నిండుగా!" అన్నాడు అధికారి. ఆ మాట తెలుగులోనే అన్నాడు. వచ్చినప్పుడు గుమాస్తా జాబితాలో అలాగే రాసుకున్నాడు మరి.

"తిన్నాం సార్. తినడానికే తెచ్చుకున్నాం."

"అతిథి ఆస్తిని సహాయకుడు సకుటుంబముగా భుజించెను," అని రాసుకున్నాడు అధికారి.

తిరుగు దారిలో హైమావతి జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "జాడీలో ఆవకాయ అని రాయిస్తే చాలదా? నిండుగా అని కూడానా?"

"అలవాటు హైమా."

"అది నేను పెట్టిన ఆవకాయ. మీ సప్లై సామాను కాదు."

ధనుంజయరావు కిటికీలోంచి ఆ దేశం కొండల్ని చూస్తూ కూర్చున్నాడు. చాలా అందమైన కొండలు. జీవితాంతం చూడాల్సొస్తుందేమోనని భయమేసింది.

*

బుధవారం తుర్గోవ్ దయ తలిచాడు. చట్టంలో ఒక సందు కనిపెట్టాడట. అతిథి తన సహాయకుణ్ణి స్వేచ్ఛగా సెలవు మీద పంపవచ్చు. పంపితే ధనుంజయరావు ఒక్కడే దేశం దాటవచ్చు.

"అతిథి తన సమ్మతిని మా శాఖ సంఘము ఎదుట స్వయముగా తెలుపవలెను."

"ఎలా తెలుపుతుంది సార్?"

"హారన్‌తో. ఒకసారి మ్రోగిన సరే. రెండుసార్లు మ్రోగిన కుదరదు. దీనికి పూర్వ నిదర్శనము కలదు. ఒక మోటారు సైకిలు ఇట్లే సాక్ష్యమిచ్చెను."

ధనుంజయరావు ఎగిరి గంతేసినంత పని చేశాడు. రాజహంస ఆగిపోయినప్పుడే బ్యాటరీ కూడా చచ్చింది. మార్జీనా వాళ్ళ ట్రాక్టరు బ్యాటరీ అడిగి తెచ్చాడు. వైర్లు స్వయంగా బిగించాడు. ఆవిడ తమ్ముడు బిగిస్తానంటే, "పందిళ్ళకి లైట్లు కట్టిన చెయ్యి ఇది," అని పక్కకి నెట్టాడు.

సంఘం వచ్చింది. రాజహంస ముందు కుర్చీలు వేసుకుని వరసగా కూర్చుంది. కుర్చీలు ధనుంజయరావువే. ఎన్ని వేశారో ఆయన లెక్కపెట్టుకున్నాడు. తుర్గోవ్ లేచి, వ్యానుకి నమస్కరించి అడిగాడు.

"గౌరవనీయ రాజహంసా! ఈ ధనుంజయరావు అను తమ సహాయకుని విడిచిపుచ్చుటకు తమకు సమ్మతమేనా?"

ధనుంజయరావు మీట నొక్కాడు.

రాజహంసది పెళ్ళి హారన్. అంటే సన్నాయి పాట. మోగింది. సంఘం తల ఊపింది. ధనుంజయరావు వేలు తీశాడు. పాట ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. జోరందుకుంది. వైరు లాగాడు. చేతిలోకి మీట ఊడొచ్చింది గానీ పాట ఆగలేదు. మార్జీనా కొట్టు ముందున్నవాళ్ళు రొట్టెలు పట్టుకుని చూడ్డానికొచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ చిందేశారు.

"ఆపండీ!" అని అరిచింది హైమావతి.

"ఆగట్లేదే!"

"ఆపకుడు!" అన్నాడు తుర్గోవ్ చెయ్యెత్తి. "సాక్షి ఇంకను చెప్పుచున్నది. సాక్షి నోరు నొక్కుట నేరము."

సంఘం మొత్తం వింది. గుమాస్తా రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో దేవుడికే తెలియాలి. చివరికి ట్రాక్టరు బ్యాటరీ కూడా చచ్చి, సన్నాయి మూలిగి మూలిగి ఆగిపోయింది. సంఘంలో పెద్దాయన జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

తీర్పు అక్కడికక్కడే చదివారు. "అతిథి సుదీర్ఘముగా విలపించి, తుదకు దుఃఖముచే మూగవోయినది. సహాయకుని యెడబాటు భరింపజాలదని స్పష్టమగుచున్నది. సెలవు తిరస్కరించడమైనది."

"సంతోషం," అంది హైమావతి. "మిమ్మల్ని విడిచి ఉండలేని ప్రాణి ఒకటుందని ఇవాళ తెలిసింది."

*

గురువారం పొద్దున హైమావతి పెట్టె సర్దుకుంటోంది. ఆయన బట్టలు పక్కన కుప్పగా ఉంచింది. వాటిని పెట్టెలో పెట్టనూ లేదు, తీసి దూరంగా పెట్టనూ లేదు. ధనుంజయరావు ఆ కుప్ప పక్కనే కూర్చున్నాడు. నలభై ఏళ్ళలో ఆవిణ్ణి ఒంటరిగా విజయవాడ కూడా పంపలేదు. పంపకపోవడం తన గొప్పే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆవిడ లేకుండా తను ఒక పూట గడపలేడన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

"వస్తాను హైమా. ఏదో ఒకటి చేసి వస్తాను. నీ పక్క సీట్లో కూర్చుంటాను. ఒట్టు."

హైమావతి మొదటి చొక్కా తీసి పెట్టెలో పెట్టింది.

ఆయన పరుగున ఆఫీసుకెళ్ళాడు. ఈసారి తుర్గోవ్ కూర్చోమని, టీ తెప్పించాడు. ఆయన చేతిలో సరిహద్దు జాబితా ఉంది.

"మహాశయా, ఇది తమరు వ్రాయించినదా? ఈ శాఖ పుట్టిన తర్వాత ఇటువంటి జాబితా చూడలేదు. నిండుగా! ఆహా! అతిథి వాహనములు పెరుగుచున్నవి, పరిశీలించు సమర్థులు లేరు. తమరు మా శాఖలో గౌరవ ఇన్‌స్పెక్టరుగా చేరుడు."

"నేనా? నేను రేపు విమానమెక్కాలి సార్!"

"అందుకనియే చేరమనుట. ఆలకింపుడు. ప్రభుత్వోద్యోగి అతిథికి సహాయకుడు కాజాలడు. వాడు ఆతిథ్యమిచ్చు పక్షము వాడు. కావున తమరు చేరిన క్షణము సహాయక హోదా తొలగించుమని కోరవచ్చును. దానిని సంబంధిత ఇన్‌స్పెక్టరు మంజూరు చేయవలెను."

"ఆ ఇన్‌స్పెక్టరు ఎవరు?"

తుర్గోవ్ మొదటిసారి నవ్వాడు. "తమరే."

ధనుంజయరావు ఆనందం పట్టలేక టీ వేడివేడిగా మింగేశాడు. తన కాయితం మీద తనే సంతకం పెట్టుకోవడం! ఒక్కటే చిక్కు. కోరేవాడూ మంజూరు చేసేవాడూ ఒకరే కాకూడదు కాబట్టి, కాయితం ఆయన తరఫున భార్య తీసుకురావాలి. అది చిక్కే కాదు. శుక్రవారం పొద్దున చేరి, సంతకం పెట్టి, మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోవచ్చు.

"ఇదేదో మొదటే చెప్పొచ్చుగా వాళ్ళు," అంది హైమావతి. చొక్కాలన్నీ పెట్టెలో సర్దేసింది.

*

శుక్రవారం పొద్దున ధనుంజయరావు ఇన్‌స్పెక్టరయ్యాడు.

కుర్చీ బాగుంది. చేతులకి ఆనుకోవడానికి వీలుగా ఉంది. బల్ల మీద గంట, ముద్రలు, మూడు రంగుల సిరా. తల మీద టోపీ పెట్టారు. కొంచెం వదులుగా ఉన్నా బరువు హాయిగా ఉంది. క్యూ ద్వారం దాటి మెట్ల దాకా ఉంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. పెళ్ళిళ్ళలో సామానుకి వచ్చినవాణ్ణి ఎవరు చూస్తారు?

హైమావతి క్యూలో ఏడో మనిషి. ముందుకు రమ్మంటే బాగుండదేమోనని ఆయన పిలవలేదు. వరస వరసే.

మొదట సైకిలు మీద ప్రపంచం తిరిగే జంట వచ్చారు. ఎండకి మాడి నల్లబడి ఉన్నారు. ధనుంజయరావు కాయితం చూశాడు. బయటికెళ్ళి సైకిలు చూశాడు. "వచ్చినప్పుడు గంట ఉందని రాశారు. ఇప్పుడు లేదేం?"

"దారిలో పడిపోయింది సార్."

"ఎక్కడ పడింది? వెళ్ళి వెతికి తీసుకురండి." చెప్పాక ఆయనకే ఆశ్చర్యమేసింది. గొంతు ఎంత నిండుగా వచ్చిందో! తుర్గోవ్ తన గది గుమ్మంలోంచి చూసి మెచ్చుకోలుగా తలాడించాడు.

తర్వాత కారవాను ఉన్న ముసలాయన. ఆయన కాయితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అదే అనుమానమొచ్చింది ధనుంజయరావుకి. అంత సక్రమంగా ఎవరైనా ఎందుకుంచుతారు? రెండోసారి పరిశీలనకి పంపాడు. ఆ తర్వాత ఇంకొకరు, మరొకరు. ఒక్క గరిటె తగ్గనివ్వని కళ్ళు ఆయనవి. ఆ కళ్ళ విలువ తెలిసిన చోటికి ఇన్నాళ్ళకి వచ్చాడు. మధ్యలో టీ వచ్చింది. తాగాడు. గంట కొట్టాడు. ఊరికే, ఎలా మోగుతుందో చూద్దామని.

"కూర్చోమంటారా, నిలబడమంటారా?" అంది ఎదుట ఒక గొంతు.

హైమావతి. చంకలో చేతిసంచీ. పెట్టె టాక్సీలో ఉంది. టాక్సీ గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"కూర్చో హైమా, కూర్చో," అన్నాడు ధనుంజయరావు నవ్వుతూ. కాయితం అందుకున్నాడు. మార్జీనా ఎవరినో పట్టుకుని రాయించి పెట్టింది. మూడు ప్రతులు. కలం తీశాడు. మొదటి ప్రతి చదివాడు. చదవకుండా సంతకం ఎలా పెడతాడు? బాగుంది. రెండోది చూశాడు. అదీ బాగానే ఉంది.

మూడోది తిరగేశాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. వెలుగుకి ఎత్తి చూశాడు.

"ఏవండీ, టైమవుతోంది."

"ఆగు. ఈ ముద్ర చూడు."

"ఏమయింది దానికి?"

"వంకరగా పడింది. సగం గీత కాయితం బయటికి పోయింది."

"పోతే?"

"పోతే ఏంటి హైమా? రేపు ఎవరైనా చూస్తే? ఇంత వంకర ముద్ర మీద ఇన్‌స్పెక్టరెవడో సంతకం పెట్టాడంటారు. పై కౌంటర్లో కొత్తగా వేయించుకురా."

"పై కౌంటర్లో భోజనానికి వెళ్ళారు. విమానం రెండింటికి."

"అదేంటి, భోజనానికి వెళ్ళకూడదా వాళ్ళు? మనుషులు కారూ?" ఆయన కాయితాలు మూడూ జాగ్రత్తగా అంచులు కలిపి, మడత పడకుండా ఆవిడ ముందుకి జరిపాడు. గొంతులో ఎక్కడా విసుగు లేదు. చాలా మర్యాదగా అన్నాడు.

"రేపు రండి."

హైమావతి ఆ టోపీ వంక చూసింది. టోపీ కింద మొహం వంక చూసింది. ఆవిడ మొహంలో కోపం కనిపిస్తుందేమోనని ధనుంజయరావు వెతికాడు. అది లేదు. ఊళ్ళో పరిచయమున్న ఎవరినో పరాయి చోట చూసి, ఆయనేనా కాదా అని ఆలోచించే మనిషి చూపులా ఉంది.

"రేపు నేను గుంటూర్లో మా అక్క పక్కన ఉంటానండి," అంది ఆవిడ లేచి. "మీ చొక్కాలు మార్జీనా దగ్గర పెట్టి వెళ్తా."

అప్పుడు తెలిసింది ధనుంజయరావుకి, తనేమన్నాడో. ఎవరితో అన్నాడో. "హైమా!" అంటూ సగం లేచాడు. కలం కోసం తడుముకున్నాడు. బయట టాక్సీ తలుపు పడిన చప్పుడైంది.

కుర్చీ ఖాళీ కాగానే క్యూలో తర్వాతి మనిషి వచ్చి కూర్చున్నాడు. చెమటలు కక్కుతూ, చేతులు జోడించి, కాయితం బల్ల మీద పెట్టాడు.

ధనుంజయరావు దాన్ని చూడకూడదనే అనుకున్నాడు. కానీ కంటబడనే పడింది: తేదీ వెయ్యలేదు.